పదిమంది కబురు - పనికివచ్చు కబురు
మండల వ్యవసాయాధికారి, బి.యస్సీ. (వ్యవసాయము)

మూడేండ్ల క్రిందట భాద్రపదములో ఒకనాటి రాత్రి నా ఫోనుకు ఒక కబురు వచ్చినది. "కొత్తపల్లి చెరువు కట్టకు గండి పడింది. పొలాలు మునుగుతున్నాయి. తొందరగా రండి." అంతే. వ్రాసినవారి పేరు లేదు, వేళ లేదు. ఒకరు మరొకరికి, వారు ఇంకొకరికి పంపగా చివరకు నాకు చేరినది.

మా మండలములో కొత్తపల్లులు రెండు కలవు. ఒకటి రోడ్డు ప్రక్కన ఉన్నది. రెండవది వాగునకు అవతల ఉన్నది. రోడ్డు ప్రక్క ఊరే పెద్దది గనుక కబురు అక్కడిదే అనుకొని, తెల్లవారుజామున సహాయకుని వెంటబెట్టుకొని మోటారు సైకిలుపై బయలుదేరినాను. వెళ్ళి చూడగా చెరువు కట్ట చెక్కుచెదరలేదు. కట్టమీద పశువులు తోలుకొని పోవుచున్న రైతు నన్ను చూచి, "ఇంత పొద్దున వచ్చినారేమి సారూ?" అని అడిగినాడు. అప్పుడుగాని నా పొరపాటు నాకు తెలియలేదు.

వాగు పొంగి ఉన్నందున చుట్టు త్రోవన రెండవ కొత్తపల్లికి చేరుసరికి మధ్యాహ్నమైనది. నలుబది ఎకరముల వరి నీట మునిగి ఉన్నది. గండికి ఇసుక బస్తాలు వేయుటకు ఊరివారు అప్పటికే తంటాలు పడుచున్నారు. అంతకంటె నన్ను బాధించిన సంగతి మరొకటి ఉన్నది. కట్టకు దిగువన ఒక తండా కలదు. అక్కడినుండి ఎవ్వరును కబురు పంపలేదు. మొదట నీరు పోయినది వారి ఇండ్లలోనికే. గుడిసెలలో దాచుకొన్న జొన్నలు నానినవి. మేకలు కొట్టుకొనిపోయినవి. ఒక తల్లి నాతో, "మా సంగతి ఎవ్వరు చెప్పలే సారూ, మేము చెప్పుదామంటే ఫోనులో చార్జింగు లేదు" అన్నది.

ఆనాడు ప్రాణనష్టము కలుగలేదు. అది మన అదృష్టమే కాని నా తెలివి కాదు. వచ్చిన కబురు నిజమే. కాని అది ఏ ఊరిదో అడిగి తెలిసికొనకుండ నేను బయలుదేరినాను. రాని కబురును గూర్చి ఆలోచించనే లేదు. ఈ రెండు తప్పులను దిద్దుకొనుటకు నేను నేర్చుకొన్న విషయములను మీకు విన్నవించుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

తార్నాకలో ఒక ఆదివారము

కొంత కాలమునకు ఆఫీసు పనిమీద హైదరాబాదు వెళ్ళినప్పుడు, ఉస్మానియా విశ్వవిద్యాలయములో భూగోళశాస్త్రము చదువుచున్న మా మేనల్లుని గదిలో రెండు రోజులున్నాను. ఆదివారము ఉదయము అతడు, "మామయ్యా, మేము నలుగురము తార్నాక వైపు పటము వేయుటకు పోవుచున్నాము. నీవు కూడ రా" అన్నాడు. పటము వేయుటయనగా గొలుసులు, జెండాలు పట్టుకొని పోయెదరు కాబోలు అనుకొన్నాను. వారి చేతిలో ఒక్కొక్క ఫోను, ఒక నోటు పుస్తకము తప్ప మరేమియు లేవు.

1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కళాశాల భవనము ముందునుండి చెట్ల నీడన నడచి, తార్నాక కూడలికి చేరి, అక్కడి సందులలో తిరిగినాము. పిల్లలు ఒక్కొక్క చోట ఆగి వ్రాసికొనుచున్నారు: ఇక్కడ మందుల దుకాణము, ఇక్కడ బోరింగు, ఇక్కడ ఆసుపత్రి వెనుక ద్వారము, ఈ సందులో అంబులెన్సు తిరుగుటకు చోటు చాలదు, ఈ మలుపులో వాననీరు నిలుచును. ఇది ఏ కంపెనీకిని చెందని పటము. 2004వ సంవత్సరమున ఇంగ్లండులో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అను ఈ పటమును ప్రపంచములో ఎవరైనను దిద్దవచ్చును, ఎవరైనను ఉచితముగా వాడుకొనవచ్చును. మన ఊరుమ్మడి బావి వంటిదనుకొనుడు. తోడుకొను హక్కు అందరికిని ఉన్నది. పూడిక తీయు బాధ్యతయు అందరిదే.

ఒక మలుపు వద్ద చాయ్ అమ్ముచున్న ముసలమ్మను మా పిల్లవాడు అడిగినాడు: "అవ్వా, వానకు ఇక్కడ నీళ్ళు నిలుస్తాయా?" ఆమె నవ్వి, "గీడ గాదు బిడ్డా, ఈడ ఎత్తు. ఆ కరెంటు స్తంభం కాడ నిలుస్తయి. మొన్న మోకాలు దాక వచ్చినయి" అన్నది. పిల్లలు తాము గుర్తుపెట్టిన చోటును కొట్టివేసి, స్తంభము వద్ద గుర్తు పెట్టినారు. అంతటితో విడువక, మరి ఇద్దరిని అడిగి సరిచూచుకొన్నారు. తేదీ వ్రాసినారు. ఆకాశమునుండి తీసిన బొమ్మలో ఆ సందు కనబడును గాని అందులో నీరు నిలుచు చోటు కనబడదు. అది ఆ అవ్వకు మాత్రమే తెలుసు.

పటములో లేని తండా

మధ్యాహ్నము గదికి తిరిగి వచ్చిన తరువాత, "మా మండలము చూపుము" అని మేనల్లుని అడిగినాను. రోడ్డు ఉన్నది, మండల కేంద్రమున్నది, రెండు కొత్తపల్లులును ఉన్నవి. చెరువు కూడ నీలముగా కనబడినది. చెరువునకు దిగువన ఉండవలసిన తండా మాత్రము లేదు. అక్కడ తెల్లని చోటు మిగిలి ఉన్నది. ఉపగ్రహము తీసిన బొమ్మను ప్రక్కన పెట్టి చూడగా ముప్పదికి పైగా పైకప్పులు స్పష్టముగా కనబడినవి.

ఆ రాత్రి నేను తండాను మరచిపోవుటకు, పటములో తండా లేకపోవుటకు కారణము ఒక్కటే. అక్కడివారి మాట ఎవ్వరి పుస్తకములోను ఎక్కలేదు. ఆనాటి సాయంకాలము నేను చెప్పుచుండగా మా మేనల్లుడు ఒక్కొక్క ఇంటిని, కాలిబాటను, బోరింగును పటములో గీసినాడు. గంటన్నర పట్టినది.

ఈ పద్ధతి ఏమిటి?

ఒక పనిని ఒక కార్యాలయమో కొందరు నిపుణులో చేయుటకు బదులు, తెలిసిన ప్రజలందరిని తలా కొంచెము చేయుమని కోరి, ఆ ముక్కలన్నిటిని ఒకచోట కూర్చుటను ఇప్పుడు క్రౌడ్‌సోర్సింగ్ అనుచున్నారు. పేరు క్రొత్తది గాని ఇందులోని నీతి మనకు క్రొత్త కాదు. చెరువు పూడిక తీయుటకు ఇంటికొక మనిషి వచ్చుట మన పెద్దలెరిగినదే. అక్కడ తట్టెడు మన్ను తెచ్చినారు, ఇక్కడ పిడికెడు సమాచారము తెచ్చుచున్నారు.

అయితే ఒక భేదము గమనింపవలెను. మన్ను ఎవరు తెచ్చినను మన్నే. సమాచారము అట్లు కాదు. చూచి చెప్పినది వేరు, విని చెప్పినది వేరు. ఈనాటిది వేరు, నిన్నటిది వేరు. కనుక కూర్చుట ఎంత ముఖ్యమో సరిచూచుట అంత ముఖ్యము.

భూమి కంపించినప్పుడు

తార్నాకనుండి ఉప్పల్ వైపు వెళ్ళు రోడ్డులో, 1961వ సంవత్సరమున ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఉన్నది. 2024 డిసెంబరు 4వ తేదీ ఉదయము 7 గంటల 27 నిమిషములకు ములుగు జిల్లాలో 5.3 పరిమాణము గల భూకంపము వచ్చినది మీకు జ్ఞాపకముండును. హైదరాబాదు, ఖమ్మము, విజయవాడల వరకు జనులు ఆ అదురును ఎరిగినారు. 1969లో భద్రాచలము వద్ద వచ్చిన 5.7 పరిమాణపు భూకంపము తరువాత ఆ ప్రాంతములో ఇంత పెద్దది రాలేదు.

భూకంపము ఎక్కడ పుట్టినది, దాని పరిమాణమెంత అను రెండు సంగతులను యంత్రములు చెప్పగలవు. కాని ఏ ఊరిలో గిన్నెలు దొర్లినవి, ఏ ఊరిలో గోడ బీటలు వారినది, ఏ ఊరిలో నిద్రించువారు మేల్కొనలేదు అను సంగతులు ఊరివారే చెప్పవలెను. 1897 జూన్ 12న అస్సాములో మహాభూకంపము వచ్చినప్పుడు, భారత భూగర్భ సర్వే శాఖకు చెందిన ఓల్డ్‌హామ్ దొర దేశము నలుమూలలనుండి ఇట్టి వర్ణనలను కూర్చియే ఏ ప్రాంతమున ఎంత తీవ్రతయో నిర్ణయించినాడు. 1999 నుండి అమెరికా భూగర్భ సర్వేవారు "మీకు అదురు తెలిసినదా?" అను ప్రశ్నపత్రము ద్వారా ప్రజలనుండి ఇదే సమాచారమును కంప్యూటరుపై తీసికొనుచున్నారు.

ఇందులో ఒక సూక్ష్మము ఉన్నది. భూకంపము తరువాత ఒక ప్రాంతమునుండి కబురులు రాకున్నచో అక్కడ ఏమియు జరుగలేదనుకొనుట ప్రమాదకరము. 1993 సెప్టెంబరు 30న తెల్లవారక ముందే మహారాష్ట్రలోని కిల్లారి ప్రాంతమున భూకంపము వచ్చినప్పుడు వేలాదిమంది ఇండ్ల క్రింద పడి మరణించినారు. అట్టి చోట కబురు పంపువారెవరు? స్వల్పముగా అదిరిన ఊరివారు వెంటనే చెప్పగలరు. కూలిపోయిన ఊరు చెప్పలేదు. అందరికంటె నిశ్శబ్దముగా నున్న చోటికే మొదట వెళ్ళవలసి రావచ్చును.

ఇతర దేశముల అనుభవము

2010 జనవరి 12న హైతీ దేశమున 7.0 పరిమాణపు భూకంపము వచ్చినది. రాజధానియైన పోర్టోప్రిన్సుకు వివరమైన పటము లేనందున సహాయము చేయ వచ్చినవారికి వీధులు తెలియలేదు. ప్రపంచమందలి స్వచ్ఛంద సేవకులు తమ తమ ఇండ్లలో కూర్చుండి, ఉపగ్రహ చిత్రములను చూచి, కొద్ది రోజులలోనే వీధులను గీసి ఇచ్చినారు. బాధితులు 4636 అను నంబరుకు ఫోనులో సందేశములు పంపినారు. అవి హైతీ వారి క్రియోలు భాషలో ఉన్నవి. సహాయకులకు ఆ భాష రాదు. విదేశములలో స్థిరపడిన హైతీవారు రాత్రింబగళ్ళు కూర్చుండి అనువదించినారు. ఆ సందేశములను కూర్చుటకు తోడ్పడిన పరికరము 2008లో కెన్యా దేశమున ఎన్నికల అల్లర్ల కాలములో పుట్టిన ఉషాహిదీ. స్వాహిలీ భాషలో ఆ మాటకు సాక్ష్యమని అర్థము.

2015 ఏప్రిల్ 25న నేపాలులో 7.8 పరిమాణపు భూకంపము వచ్చునాటికి అక్కడి పరిస్థితి కొంత మెరుగు. కాఠ్మండూ లివింగ్ ల్యాబ్స్ అను సంస్థలోని యువకులు అంతకుముందే ఆ లోయలోని పాఠశాలలను, ఆసుపత్రులను, వీధులను పటములోనికి ఎక్కించి ఉంచినారు. ఆపద వచ్చిన తరువాత వేలాది స్వచ్ఛంద సేవకులు దూరదేశములనుండి ఆ పనిని కొనసాగించినారు. నారు ముందు పోసికొన్నవాడే వాన పడగానే నాటగలడు.

మన దేశమునకు వత్తము. 2015 డిసెంబరులో చెన్నపట్టణము మునిగినప్పుడు, ఏ వీధి నీట మునిగినదో ప్రజలే పటముపై గుర్తించినారు. 2018 ఆగస్టులో కేరళ వరదలలో కంప్యూటరు తెలిసిన యువకులు సహాయ విన్నపములను ఒకచోట చేర్చు ఏర్పాటు చేసినారు. సముద్రపు జాలరులు తమ పడవలను లారీలపై ఎక్కించుకొని వచ్చి వేలాదిమందిని రక్షించినారు. కాని అక్కడ ఒక చిక్కు వచ్చినది. సాయము అందిన తరువాత కూడ పాత విన్నపములు చేతులు మారుచునే ఉండినవి. ఒకే ఇంటి సంగతి పలుమార్లు నమోదైనది. ప్రతి విన్నపమునకును ఫోను చేసి, "మీరు ఇంకను అక్కడనే ఉన్నారా?" అని అడుగుటకు ప్రత్యేకముగా మనుష్యులు కావలసి వచ్చినది.

పదిమందిలో పాము చావదు

ఈ సామెత మీరెరిగినదే. పదిమంది ఉన్నారుగదా అని ప్రతివాడును ఊరకుండుట ఒక లోపము. పదిమందియు ఒకేసారి కేకలు వేయుట మరొక లోపము. ప్రజల సమాచారము చెడిపోవుటకు కారణములు ముఖ్యముగా నాలుగు.

మొదటిది, చోటు తెలియకపోవుట. మన రాష్ట్రములలో కొత్తపల్లులు, రామాపురములు, వెంకటాపురములు ఎన్ని లేవు? రెండవది, పాచిపోయిన కబురు. నిన్నటి గండి నేడు పూడియుండవచ్చును. మూడవది, పుకారు. కట్ట తెగెనని ఒక్క అబద్ధపు మాట వలన జనులు చీకటిలో పరుగెత్తి గాయపడవచ్చును. మరియొక ఏటి వరద బొమ్మను ఈ ఏటిదని పంపువారును ఉన్నారు. నాలుగవది, గట్టిగా అరచినవానికే సాయము అందుట. ఫోను, చదువు, పరిచయములు ఉన్న వాడలోనుండి ఇరువది కబురులు వచ్చును. కూలీల వాడనుండి ఒకటియు రాదు. వచ్చిన కబురులను మాత్రమే లెక్కించినచో ఉన్నవానికే మరల పెట్టినట్లగును.

వర్షమును కొలిచెదము

ఆపద రాకముందే ఈ అలవాటును చేసికొనుటకు వర్షపు కొలత మంచి పాఠము. అమెరికాలోని ఫోర్ట్ కాలిన్స్ పట్టణములో 1997 జూలై 28న ఆకస్మికముగా వరద వచ్చి ఐదుగురు మరణించినారు. ఊరికి ఒక ప్రక్క అడుగుకు మించిన వర్షము పడగా మరొక ప్రక్క మామూలు వర్షమే పడినది. ఆ సంగతి సకాలములో ఎవరికిని తెలియలేదు. మరుసటి సంవత్సరము అచ్చటి కొలరాడో రాష్ట్ర విశ్వవిద్యాలయము వారు, ప్రజలు తమ తమ పెరడులలో వర్షమును కొలిచి పంపు ఏర్పాటును ప్రారంభించినారు. అది నేటికిని సాగుచున్నది.

మన దగ్గర కూడ వర్షము ఇట్లే ఉండును. 2020 అక్టోబరు 13న హైదరాబాదులో బేగంపేట వద్ద సుమారు 19 సెంటీమీటర్ల వర్షము పడగా, ఘట్‌కేసర్ వైపు అంతకంటె చాల ఎక్కువగా కురిసినది. ప్రభుత్వపు స్వయంచాలక వర్షమాపకములు అనేకము ఉన్నను మీ పొలముపై ఎంత పడినదో అవి చెప్పలేవు.

అడుగు చదునుగాను, పైనుండి క్రిందివరకు ఒకే వెడల్పుగాను ఉన్న డబ్బాను ఆరుబయట నిలుపుడు. చెట్టు ఎంత ఎత్తున్నదో దానికి రెట్టింపు దూరములో పెట్టవలెను. ప్రతిదినము ఉదయము 8-30 గంటలకు స్కేలుతో నీటి లోతును మిల్లీమీటర్లలో కొలిచి, వ్రాసికొని, పారబోయవలెను. వాతావరణ శాఖవారును ఆ వేళకే కొలిచెదరు గనుక మీ లెక్కను వారి లెక్కతో పోల్చవచ్చును. ఒక మిల్లీమీటరు వర్షమనగా ఎకరమునకు సుమారు 4,000 లీటర్ల నీరు. వాన పడని రోజున "సున్న" అని వ్రాయుట మరువరాదు. సున్న వ్రాసినచో వాన లేదని తెలియును. ఖాళీగా విడిచినచో వాన లేదో, కొలిచినవాడు లేడో తెలియదు.

మొక్కజొన్నలో కత్తెర పురుగు

పంటల తెగుళ్ళ విషయములోను ఈ పద్ధతి మేలు చేయును. అమెరికా ఖండములకు చెందిన కత్తెర పురుగు 2016లో ఆఫ్రికాలోను, 2018లో కర్ణాటకములోను కనబడి, ఆ ఏడే మన ప్రాంతమునకు వచ్చినది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థవారు 2018లోనే ఒక ఫోను పరికరమును తయారుచేసి, అనేక దేశముల రైతులు, విస్తరణాధికారులు తమ పొలములలో చూచినదానిని అందులో నమోదు చేయునట్లు ఏర్పాటు చేసినారు. పురుగు ఏ దిక్కునుండి ఏ దిక్కునకు సాగుచున్నదో ఆ లెక్కలవలన తెలియును.

పురుగును గుర్తించుట సులభము. తలపై తిరుగవేసిన ఆంగ్లపు "వై" అక్షరము వంటి తెల్లని గీత ఉండును. తోక వైపున నాలుగు నల్లని చుక్కలు చదరముగా ఉండును. ఆకులపై గోకినట్లు పొరలు, సుడిలో రంధ్రములు, రంపపు పొట్టు వంటి మలము కనబడును. పొలములో ఐదు చోట్ల, చోటుకు పది మొక్కల చొప్పున ఏబది మొక్కలను చూచి, ఎన్నిటికి సోకినదో వ్రాయుడు. "పురుగు బాగా ఉన్నది" అను మాటకంటె "ఏబదింట తొమ్మిది" అను మాట మాకు ఎక్కువ ఉపయోగము. లేకున్నచో "ఏబదింట సున్న" అని పంపుడు. ఆ సున్నలు పురుగు ఎక్కడ ఆగినదో చూపును.

మంచి కబురునకు ఆరు గుర్తులు

ఆపద కబురులో ఈ ఆరు సంగతులు ఉండవలెను.

1. ఎక్కడ: గ్రామము, హామ్లెట్ లేదా తండా, మండలము, జిల్లా. దగ్గరలో స్థిరమైన గుర్తు. వీలున్నచో ఫోనులో చూపు అక్షాంశ రేఖాంశములు. వానిని నాలుగవ దశాంశము వరకు వ్రాసినచో సుమారు పదకొండు మీటర్లలో చోటు తెలియును.

2. ఎప్పుడు: చూచిన తేదీ, వేళ. పంపిన వేళ కాదు, చూచిన వేళ.

3. ఏమి: చూచినది మాత్రమే. కొలతలతో చెప్పుడు. గండి ఎన్ని బారలు, నీరు మోకాలి లోతా, నడుము లోతా, ఎన్ని ఇండ్లు, ఎన్ని ఎకరములు.

4. ఎవరు చూచినారు: నేనే చూచినానా, విన్నానా? విన్నచో ఎవరివలన? ఈ తేడాను దాచవద్దు.

5. ఏమి కావలెను: పడవయా, ఇసుక బస్తాలా, త్రాగునీరా, పశుగ్రాసమా? ముసలివారు, గర్భవతులు, నడువలేనివారు ఉన్నచో ముందుగా చెప్పుడు.

6. ముగిసినదా: సాయము అందగానే, "అందినది, ఇక పంపవద్దు" అని అదే త్రోవన మరల కబురు పెట్టుడు. అందరును మరచునది ఇదియే.

ప్రాణాపాయమైనచో ఫోను గుంపులలో వ్రాసి ఊరకుండవద్దు. మొదట 112 నంబరుకు ఫోను చేయుడు. పంటల సలహాకు కిసాన్ కాల్ సెంటరు 1800-180-1551 ఉన్నది. బాధితుల బొమ్మలను, ఫోను నంబర్లను ఊరంతటికి పంచవద్దు. ఆపద తీరిన పిదప అవి దుర్వినియోగము కావచ్చును. సాయము చేయువారికి మాత్రమే ఇయ్యవలెను.

గ్రామాధికారులకు

మీ చేతిలోని రిజిష్టరులో ఒక పుట దీనికై కేటాయింపుడు. గ్రామములోని ప్రతి వాడ, ప్రతి తండా పేరును ముందుగా వ్రాసి ఉంచుడు. ప్రతి చోటనుండి ఇద్దరిని, అందులో ఒక స్త్రీని, కబురు చెప్పువారిగా ఎంచుకొనుడు. వారికి ఫోను లేకున్నను ఫరవాలేదు, నడచి వచ్చి చెప్పవచ్చును. తుపాను హెచ్చరిక వచ్చినపుడు వచ్చిన కబురులను ఆ పేర్లకు ఎదురుగా నమోదు చేయుడు. ఒకే సంగతి రెండుమార్లు వచ్చినచో కలిపివేయుడు. రెండు వేరు నోళ్ళ నుండి వచ్చినదానికి టిక్కు పెట్టుడు. ఒక్కరే చెప్పినదానిని విడువవద్దు. దానిని "విచారింపవలెను" అని వ్రాసి మనిషిని పంపుడు.

చివరకు ఖాళీగా మిగిలిన పేర్లను చూడుడు. కబురు రాని చోటును క్షేమముగా నున్న చోటుగా లెక్కింపరాదు. ఆ చోటికే ముందు మనిషిని పంపవలెను. కబురు పంపినవారికి ఏమి జరిగినదో తిరిగి చెప్పుట కూడ మీ విధి. జవాబు రాని రైతు రెండవసారి కబురు పంపడు.

ఫోను మూగబోయిన నాడు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకినప్పుడు కరెంటుతో పాటు ఫోనులును మూగబోయినవి. కాబట్టి అంతా ఫోనుపై ఆధారపడుట వివేకము కాదు. పటమును, పేర్ల పట్టికను కాగితముపై అచ్చువేసి పంచాయతీ కార్యాలయములోను, పాఠశాలలోను గోడకు అంటింపుడు. ఇద్దరు సైకిలువాండ్రను ముందే ఏర్పరచుడు. ఔత్సాహిక రేడియో నడుపువారు మీ జిల్లాలో ఉన్నారేమో విచారింపుడు. వీరికి శిక్షణనిచ్చు జాతీయ సంస్థ హైదరాబాదులోనే కలదు. 2004 డిసెంబరులో సునామీ అండమాను దీవులను ముంచినపుడు, పోర్ట్ బ్లెయిరునుండి బయటి ప్రపంచమునకు క్షేమసమాచారములు చేర్చినవారు అట్టి రేడియోవారే.

ముగింపు

రైతు సోదరులారా, తార్నాకలో చాయ్ అమ్ముకొను అవ్వ చెప్పిన ఒక్క మాటతో నలుగురు చదువుకొన్న పిల్లలు వేసిన గుర్తు మారినది. ఏ శాస్త్రజ్ఞుని వద్దను లేని తెలివి ఆమె వద్ద ఉన్నది. మీ పొలము గట్టున, మీ చెరువు తూము వద్ద మీకున్న తెలివి కూడ అట్టిదే. దానిని చోటుతో, వేళతో, కొలతతో చెప్పినప్పుడే అది పదిమందికి పనికివచ్చును.

వాన రాకడ ప్రాణము పోకడ ఎవరికిని తెలియవందురు. వాన వచ్చిన పిదప ఎవరి ఇంట నీరు చేరినదో తెలియకపోవుటకు మాత్రము మనమే బాధ్యులము.

కడచిన తొలకరికి ముందు మా రెండు కొత్తపల్లులకును వెళ్ళి, పేర్ల పట్టికలు వ్రాయించినాను. తండా తరఫున పేరు ఇచ్చినది, ఆనాడు నాతో మాట్లాడిన ఆ తల్లియే. ఆగస్టులో ఒకనాటి రాత్రి ఏడు గంటలకు ఆమె వేరొకరి ఫోనునుండి నాకు చెప్పినది: "సారూ, వాగు అవతలి కొత్తపల్లి, కింది తండా. ఇప్పుడే చూసి వచ్చిన. కట్ట బాగున్నది, నీళ్ళు తూముకు జానెడు కిందనే ఉన్నయి. ఏమి భయం లేదు."

ఆ రాత్రి నేను నిశ్చింతగా నిద్రించినాను. మీ గ్రామములో ఈ ఏడు ఏ వాడనుండి ఒక్క కబురును రాలేదో, ఆ పేరును నేడే ఒక కాగితముపై వ్రాసికొని, రేపు ఉదయము ఒకసారి అక్కడికి వెళ్ళి రండు.